చక్రం మీద చెయ్యి

రేపల్లె ప్యాసింజరులో కుట్టుమిషను ప్రయాణం చేస్తే దానికి సీటు ఇవ్వరు, నడవలో నిలబెడతారు. సోమవారం ఉదయం పుస్తకంలో తల పెట్టుకుని రైలెక్కిన వరప్రసాదం సరిగ్గా దానికే మోకాలు కొట్టుకున్నాడు.

"అబ్బా" అన్నాడు మోకాలు పట్టుకుని.

"మెల్లగా అండీ, బెల్టు ఊడిపోతుంది" అంది మిషను పక్కన కూర్చున్న అమ్మాయి.

మోకాలు ఊడిపోయినా ఆమెకు పెద్దగా అభ్యంతరం ఉన్నట్టు లేదు. గట్టిగా ఏదో అందామని వరప్రసాదం తలెత్తాడు. ఆమె కూడా తలెత్తింది. ఆ తరవాత అనవలసిన మాట అతనికి గుర్తు రాలేదు. సమయానికి మాట రాకపోవడం అతనికి కొత్తేమీ కాదు కనక నోరు మూసుకుని ఎదురు సీట్లో కూర్చున్నాడు.

అది అరవై ఎనిమిది, జులై నెల. వరప్రసాదానికి ఇరవై ఆరేళ్ళు. పెళ్ళయిన పన్నెండేళ్ళకు, ఎన్నో మొక్కుల తరవాత పుట్టాడని తల్లి సీతారావమ్మ ఆ పేరు పెట్టింది. రేపల్లెలో మాగాణి ఉన్న ఇల్లు. పొలం తండ్రి చూసుకుంటాడు. కొడుకు ఎం.ఇ. చదివి, బాపట్లలో మూడేళ్ళ కిందట పెట్టిన ఒక ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరుగా చేరాడు. శనివారం మధ్యాహ్నం బాపట్లలో బయల్దేరి తెనాలిలో బండి మారి ఇల్లు చేరతాడు. సోమవారం పొద్దున అదే దారిన వెనక్కి. వెళ్ళేటప్పుడు సంచిలో మాసిన బట్టలుంటాయి, వచ్చేటప్పుడు ఆవకాయ ఉంటుంది.

అతను చెప్పే సబ్జెక్టు థియరీ ఆఫ్ మెషిన్స్. యంత్రంలో ఏ కడ్డీ ఏ చక్రాన్ని ఎందుకు తిప్పుతుందో చెప్పే శాస్త్రం. అతనికది ప్రాణం. మూడో సంవత్సరం పిల్లలు నలభై రెండు మందికి అది భోజనం తరవాతి నిద్ర.

మిషనుకేసి చూసేసరికి అతనికి మాట వచ్చింది.

"ఇది క్రాంక్ అండ్ రాకర్ మెకానిజమండి."

"కాదండీ, కుట్టుమిషను" అంది ఆమె.

"అదేనండి. ఈ కాలిపెడలు రాకరు. పైకి పోయే ఈ కడ్డీ కప్లరు. పెద్ద చక్రానికి ఉన్నది క్రాంకు. కదలకుండా ఉండే స్టాండు ఫిక్సెడ్ లింకు. మొత్తం కలిపి ఫోర్ బార్ చెయిన్."

"మా పిన్ని పదిహేనేళ్ళు కుట్టింది దీనిమీద. పాపం, ఇన్ని ఉన్నాయని తెలీకుండానే ఇచ్చేసింది."

పక్కనే ఎండుచేపల బుట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్న రత్తాలుకు ఈ సంభాషణ నచ్చింది. నిజాంపట్నం నుంచి తెనాలి సంతకు పోయే మనిషి. రైల్లో ఎవరితోనైనా చనువే.

"సారు మిషన్లు బాగుచేస్తాడామ్మా?"

"బాగుచెయ్యనమ్మా. కాలేజీలో చెబుతాను."

"చెప్పేవోడికి కుట్టటం రాకుండా ఉంటదా. నా బుట్ట మీద గుడ్డ చిరిగింది సారూ, ఒక కుట్టెయ్యి."

వేమూరులో ఎదురుబండి కోసం రైలు ఆగింది. పెట్టెలో ఉన్న పదిమందీ వరప్రసాదం వంక చూశారు. ఆ అమ్మాయి మాట్లాడకుండా మిషను మూత తీసి, దారం ఎక్కించి, రత్తాలు గుడ్డ పాదం కింద పెట్టి, తను పక్కకు జరిగింది. ఇంత మర్యాదగా ఎవరూ ఎవరినీ గోతిలోకి పిలవరు.

వరప్రసాదం కూర్చుని పెడలు నొక్కాడు. చక్రం వెనక్కి తిరిగింది. దారం చిక్కుపడి టప్పున తెగింది. ఆమె మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి ఎటూ తిరగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. మిషను అతని ఎం.ఇ. డిగ్రీని లెక్కచేయకుండా నిలబడి ఉంది.

"గట్టిగా తొక్కు సారూ, పొద్దున తిన్లేదా?" అంది రత్తాలు.

అప్పుడా అమ్మాయి రెండు వేళ్ళు పైనున్న చిన్న చక్రం మీద వేసి, తనవైపు చిన్నగా తిప్పింది. అంతే, మిషను గలగలమని కదిలింది.

"ఇక్కడ చెయ్యి వెయ్యాలండీ. ఆగిపోయిన చోట కాలితో ఎంత తొక్కినా లాభం లేదు."

"దాన్ని డెడ్ సెంటర్ అంటారు. నాకు తెలుసు."

"తెలిస్తే మరి చెయ్యి వెయ్యలేదే?"

పెట్టెలో నవ్వు తెనాలి దాకా ప్రయాణం చేసింది.

దిగేటప్పుడు మిషనుకు ఒక కొస అతను పట్టుకున్నాడు, రెండో కొస రత్తాలు పట్టుకుంది. ప్లాట్‌ఫారం మీద దించాక అడిగాడు.

"మీరెక్కడుంటారండీ?"

"మారీసుపేటలో పేరంటాలు ఇల్లని అడిగితే చెబుతారు. ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతాను" అని, మిషను మూత బిగిస్తూ, "మగవాళ్ళకి నేర్పను" అంది.

*

ఆ వారమే ప్రిన్సిపాల్ గారు పిలిచారు.

"వరప్రసాదం గారూ, మీరు చాలా మంచివారని పిల్లలందరూ చెబుతున్నారు. మీరేం చెబుతున్నారో మాత్రం ఒక్కడూ చెప్పలేకపోతున్నాడు."

వరప్రసాదం తల దించుకున్నాడు. పిల్లలు తనను బోర్డు సారని పిలుస్తారని అతనికి తెలుసు. గంటసేపూ బోర్డుకేసి తిరిగి, ఇంగ్లీషులో, బోర్డుకే పాఠం చెప్పే మనిషికి వేరే పేరెట్లా వస్తుంది? అతన్ని వెనక నుంచి చూసి గుర్తుపట్టే పిల్లలు, ఎదురుగా వస్తే ఎవరో అనుకుని పక్కనుంచి పోయేవారు.

"సెప్టెంబరులో యూనివర్సిటీ కమిటీ వస్తోంది. మీ క్లాసులో కూర్చుంటారు. పిల్లల్లో ఒక్కడన్నా నోరు తెరిచి ఒక్క జవాబు చెప్పాలి. లేకపోతే మీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యమని నేను రాయలేను."

ఆ క్లాసులో పిల్లలు నోరు తెరిచేది ఆవలించడానికి మాత్రమే. అందులోనూ చివరి బెంచీ యలమంద తెరిస్తే కొండనాలుక దాకా కనపడుతుంది.

శనివారం తెనాలిలో దిగాడు. రేపల్లె బండికి ఇంకా రెండు గంటలుంది. వాన పట్టుకుంది. గొడుగు ఉన్నా తెరవడం మరిచిపోయి మారీసుపేట చేరాడు.

తలుపు తీసింది పేరంటాలు తల్లి బసవమ్మ. ముందు గదిలో నలుగురు ఆడపిల్లలు మిషన్ల ముందు కూర్చున్నారు. వాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"ఎవరు నాయనా? గొడుగు చేతిలో పెట్టుకుని తడుస్తున్నావు."

"మిషను కావాలండీ."

"అమ్మకానికి లేదే."

"ఒక్కరోజుకండి. కాలేజీకి తీసుకుపోయి పిల్లలకి చూపించి తెచ్చిస్తాను."

లోపల్నుంచి పేరంటాలు వచ్చింది. అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. అది అతనికి కొంచెం సంతోషంగానూ, కొంచెం కోపంగానూ అనిపించింది.

"తొక్కడం రానివాళ్ళకి మా మిషను ఇవ్వనండి."

"నేర్చుకుంటాను."

"మగవాళ్ళకి నేర్పనన్నానుగా."

"మగవాణ్ణనుకోకండి, లెక్చరరుననుకోండి."

ఆడపిల్లలు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పేరంటాలు తల్లి వంక చూసింది. బసవమ్మ అతని కాళ్ళకింద మడుగు కడుతున్న నీళ్ళ వంక చూసింది.

"నేనిక్కడే వత్తులు చేసుకుంటూ కూచుంటాలేవే. ముందాయనకి తువ్వాలివ్వు" అంది.

*

పేరంటాలు పద్ధతి వేరు. మొదటి శనివారం సూది లేదు, దారం లేదు, గుడ్డ అసలే లేదు. ఉత్త పెడలు తొక్కుడు. రెండో శనివారం సూది పెట్టింది గాని, గుడ్డకు బదులు గీతల నోటుబుక్కు కాగితం ఇచ్చింది. ఆ గీత మీదనే సూది నడవాలి.

"దారం ఎప్పుడండీ?"

"కాలికి బుద్ధి వచ్చాక."

"ముందు థియరీ చెప్పరా మీరు?"

"మా పిల్లలకి ముందే అన్నీ చెబితే నిద్రపోతారండీ. తొక్కనిస్తాను. వెనక్కి తిరుగుతుంది, దారం తెగుతుంది. అప్పుడు వాళ్ళే అడుగుతారు, ఎందుకక్కా అని. అడిగాక చెబుతాను."

వరప్రసాదం కాలు తడబడింది. నలభై రెండు మందికి అడగకముందే జవాబులు చెబుతూ వచ్చాడు తను. ఆమాట పైకి అనలేదు. అనకపోయినా పేరంటాలు కనిపెట్టింది, ఎందుకంటే కాగితం మీద సూది గీత తప్పి పొలాల్లోకి పోయింది.

"మీ క్లాసులో ఏం చెబుతారో ఇక్కడ చెప్పండి, మా అమ్మకి. తెలుగులో."

వరప్రసాదం గొంతు సవరించుకున్నాడు. "అంటే అండీ, ఫ్లైవీలుకు ఇనెర్షియా ఉండటం మూలాన, డెడ్ సెంటర్ పొజిషన్లో టార్క్ జీరో అయినప్పటికీ..."

"నిద్రొస్తోంది నాయనా" అంది బసవమ్మ. పాపం, దురుద్దేశంతో అనలేదు. వత్తి చేతిలోనే ఉండిపోయింది.

అట్లా శనివారాలు గడిచాయి. అతను దిండు గలీబులు కుట్టేదాకా వచ్చాడు. మొదటి గలీబు చూసి రేపల్లెలో సీతారావమ్మ, "ఏ తాగుబోతు కుట్టాడురా ఇది?" అంది. మూడోదానికి, "తాగుడు తగ్గించినట్టున్నాడు" అంది. నాలుగోది చేతిలోకి తీసుకుని, కుట్టు వెంబడి వేలు నడిపి, కొడుకు మొహంలోకి చూసింది.

"తెనాలిలో ఎక్కడరా ఈ టైలరు?"

"మారీసుపేటలోనమ్మా."

"ఆడా, మగా?"

"లెక్చరరు" అన్నాడు వరప్రసాదం. అబద్ధం చెప్పానన్న బాధ మాత్రం కలగలేదు అతనికి.

సీతారావమ్మ ఇంకేమీ అడగలేదు. కొడుకు మిగతా విషయాలన్నీ చదువుకున్నాడు గాని తల్లి మౌనం గురించి ఏమీ చదువుకోలేదు.

ఆగస్టు ఆఖరున ఒక సాయంత్రం వాన చూరు మీంచి దారాల్లా జారుతోంది. స్టేషను వైపు నుంచి ఇంజను కూత వినపడింది. పేరంటాలు బాబిన్‌కు దారం చుడుతూ ఉన్నట్టుండి అడిగింది.

"రైలింజనుకు కూడా ఇట్లా కడ్డీలూ చక్రాలే కదండీ. అది సరిగ్గా డెడ్ సెంటర్లో ఆగితే? దానికెవరు చెయ్యి వేస్తారు?"

వరప్రసాదానికి ప్రాణం లేచి వచ్చింది. ఇంత మంచి ప్రశ్న నలభై రెండు మందిలో ఒక్కడూ అడగలేదు. "చాలా ఇంటరెస్టింగండీ అది. రెండు వైపులా ఉన్న క్రాంకులు నైన్టీ డిగ్రీస్ ఫేజ్ డిఫరెన్సులో..."

"తెలుగులో. ఒక్క వాక్యంలో. అమ్మకి."

అతను నోరు తెరిచాడు. అమ్మ వైపు చూడబోయి కూతురు వైపు చూశాడు. ఆమె దీక్షగా బాబిన్ చుడుతోంది, చూపు మాత్రం బాబిన్ మీద లేదు. అతనికి తెలిసిన తెలుగంతా ఆ వానలో కొట్టుకుపోయింది.

"వచ్చే వారం చెబుతాను" అన్నాడు.

"గుర్తుపెట్టుకుంటాను. కమిటీ వచ్చేరోజుకి మిషను తీసుకుపోవచ్చు లెండి. మీ కాలికి బుద్ధి వచ్చింది."

కాలికి వచ్చింది గాని మిగతా మనిషికి ఎప్పుడొస్తుందో ఆమె చెప్పలేదు.

*

తరవాతి శనివారం వరప్రసాదం రైల్లో ఆ వాక్యాన్ని తయారుచేసుకుంటూ వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి పేరంటాలు తెల్లని చొక్కా కుడుతోంది. మగవాళ్ళ చొక్కా. జేబు వేస్తోంది. ఆ జేబుకు ఆమె పడుతున్న శ్రద్ధ చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి.

"ఎవరికండీ?"

"పెళ్ళికొడుక్కండి" అంది తలెత్తకుండా.

"ఏ పెళ్ళికొడుకు?"

"మా ఇంట్లో పెళ్ళికొడుకే."

బసవమ్మ గోడవైపు తిరిగి నవ్వుకుంది. వరప్రసాదం చుట్టూ చూశాడు. కొత్త చొక్కా కుట్టడానికి కొలతల కోసం పాతచొక్కా ఒకటి ఆదిగా పక్కన పెట్టుకుంటారు కదా, అదెక్కడా కనపడలేదు. ఆది కూడా అక్కర్లేనంతగా కొలతలు తెలిసిన మనిషన్నమాట, అనుకున్నాడు. గుండె తొక్కినా తిరగని చోటికొచ్చి ఆగింది.

"మీ వాక్యం తయారయిందా?" అంది పేరంటాలు.

"లేదండీ. బండికి టైమయింది."

బండికి ఇంకా గంటా నలభై నిమిషాలుంది. ఆ గంటా నలభై నిమిషాలూ తెనాలి ప్లాట్‌ఫారం మీద తడుస్తూ గడిపి, తరవాత గుంటూరు బండి ఎక్కబోతుంటే టికెట్ కలెక్టరు ఆపి రేపల్లె బండి ఎక్కించాడు.

ఇంటికి పోయి పెట్టె తీస్తే నీలం చొక్కా కూడా కనపడలేదు.

"చాకలి పోగొట్టాడురా" అంది సీతారావమ్మ.

ఆ రోజు అతనికి పోయినవి రెండనిపించింది.

ఆ తరవాత రెండు శనివారాలు బాపట్లలోనే ఉండిపోయాడు. మారీసుపేటకు మాత్రం ఒక ఉత్తరం రాశాడు, ఇంగ్లీషులో. అనివార్య పరిస్థితుల వల్ల తమ మిషను అవసరం పడదనీ, ఇంతవరకూ అందించిన సహకారానికి కృతజ్ఞుడననీ దాని సారాంశం. రైల్వే వాళ్ళు కూడా అంతకంటే ప్రేమగా రాస్తారు.

*

కమిటీ వచ్చిన రోజు మధ్యాహ్నం రెండు గంటలకు క్లాసు. ఒంటిగంటన్నరకు అటెండరు కోటయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, గేటు దగ్గర జట్కాలో కుట్టుమిషను వచ్చింది. దాంతోపాటు ఇద్దరు ఆడవాళ్ళు."

వరప్రసాదం వెళ్ళి చూశాడు. జట్కాలో మిషనుకు అటు బసవమ్మ, ఇటు పేరంటాలు. పొద్దుటి బండికి సామాన్ల బ్రేక్‌వ్యాన్‌లో మిషను వేయించుకుని వచ్చారట.

"మీరెందుకండీ... నేను ఉత్తరం రాశానుగా."

"అందింది. తెలుగులో చెప్పవే అంది అమ్మ. ఎంత వెతికినా చెప్పడానికి అందులో ఏమీ లేదు" అంది పేరంటాలు. "మిషను ఇస్తానని మాటిచ్చాను. మాట వెనక్కి తీసుకునేంత ఇంగ్లీషు నాకు రాదండీ."

క్లాసులో ఆడవాళ్ళకు వేరే కుర్చీలు లేవు. బసవమ్మ మొదటి బెంచీలో, ఇద్దరు కుర్రాళ్ళను జరిపి, పేరంటాలును పక్కన పెట్టుకుని కూర్చుంది. వెనక కమిటీ పెద్ద పాండురంగారావు గారు, పక్కన ప్రిన్సిపాల్ గారు. యలమంద కళ్ళు తెరిచే ఉన్నాయి. కాలేజీ పెట్టిన తరవాత ఆ క్లాసులోకి ఆడమనిషి రావడం అదే మొదలు కనక, దానికి సబ్జెక్టుతో సంబంధం లేదు.

వరప్రసాదం బోర్డుకేసి తిరిగి సుద్ద తీసుకున్నాడు. "కన్సిడర్ ఎ ఫోర్ బార్ చెయిన్" అన్నాడు బోర్డుతో.

వెనక నుంచి మెల్లగా పేరంటాలు గొంతు వినపడింది. "అమ్మకి."

సుద్ద చేతిలో ఆగింది. పోయేది ఉద్యోగం. ఇంకోటి ఎటూ పోయింది. ఇక భయపడటానికి ఏం మిగిలిందని అతను మెల్లగా ఇటు తిరిగాడు. నలభై రెండు మంది అతని మొహాన్ని మొదటిసారి తీరిగ్గా చూశారు. బాగానే ఉంది అనుకున్నారు.

"యలమందా, ఇట్లా రా. కూర్చుని ఈ మిషను తొక్కు."

యలమంద చొక్కా చేతులు ఎగదోసుకుని వచ్చి తొక్కాడు. చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది. క్లాసు నవ్వింది. మళ్ళీ తొక్కాడు. కదల్లేదు. బెంచీల్లోంచి సలహాలు మొదలయ్యాయి. నేను తొక్కుతానని ఒకడు, వాడికి కాళ్ళు పొట్టి సార్ అని ఇంకొకడు. పది నిమిషాల్లో మిషను చుట్టూ బడిపిల్లల్లా మూగారు.

వరప్రసాదం ఏమీ చెప్పలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పది నిమిషాలు ప్రిన్సిపాల్ గారి మొహం చూడకుండా ఉండటం అతను జీవితంలో చేసిన సాహసాల్లో ఒకటి.

చివరికి యలమంద అడిగాడు. "ఎందుకు సార్ ఇది ఆగిపోతోంది?"

"ఆగినప్పుడు కింద కడ్డీ చూడు, పక్కనున్న క్రాంకు చూడు. ఎట్లా ఉన్నాయి?"

యలమంద నేలమీద మోకాళ్ళు వేసి చూశాడు. "రెండూ ఒకే గీతలోకి వచ్చేశాయి సార్. నేను తొక్కిన బలమంతా చక్రం ఇరుసులోకే పోతోంది. తిప్పడానికి ఏం మిగలట్లేదు."

వెనక నుంచి పాండురంగారావు గారు లేచి నిలబడ్డారు. "అట్లాంటప్పుడు ఏం చెయ్యాలోయ్?"

యలమంద ఆలోచించాడు. తరవాత లేచి, పైనున్న చిన్న చక్రాన్ని చేత్తో తిప్పాడు. మిషను గలగలమంది.

"బయటి నుంచి చెయ్యి వెయ్యాలి సార్. లోపల ఎంత బలమున్నా, ఒక్కోసారి చాలదు."

పాండురంగారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మొదటి బెంచీ దగ్గరకు వచ్చారు. "అమ్మా, మీరు ఏ డిపార్ట్‌మెంటు?"

"మా పుట్టిల్లు కాకుమాను నాయనా" అంది బసవమ్మ.

"పాఠం అర్థమైందా మీకు?"

"నాకెప్పుడో అర్థమైంది. పిల్లలకీ అయింది. చెప్పే అబ్బాయికి అయిందో లేదో కనుక్కో."

పాండురంగారావు గారు పెద్దగా నవ్వారు. పోతూ పోతూ వరప్రసాదం భుజం తట్టి, ఈ పాఠానికి సుద్ద ఎంత ఖర్చయిందని అడిగారు. సుద్దముక్క చేతిలో అట్లానే ఉంది. సాయంత్రానికి ప్రిన్సిపాల్ గారు పర్మనెంటు కాగితం రాశారని కోటయ్య చెప్పాడు. ఆ మాటకు ఎగిరి గంతెయ్యవలసిన మనిషి, "జట్కా దొరుకుతుందా?" అని అడిగాడు.

*

ఉద్యోగం కబురు ఇంట్లో చెప్పి వస్తానని వరప్రసాదం కూడా బయల్దేరాడు. సాయంత్రం బండికి ముగ్గురూ తెనాలిలో దిగారు. మిషను తోపుడుబండి మీదకెక్కింది. జల్లు పడుతోంది. పక్క ప్లాట్‌ఫారం మీద రేపల్లె ఇంజను ఆవిరి వదులుతూ సిద్ధంగా ఉంది. బసవమ్మ గొడుగు తెరిచి నాలుగడుగుల దూరంలో నిలబడింది. చూడనట్టు ఉండటానికి సరిపోయే దూరం, వినడానికీ సరిపోయే దూరం.

"చాలా థ్యాంక్సండీ" అన్నాడు వరప్రసాదం.

"ఊఁ."

"పెళ్ళెప్పుడు?"

"పెళ్ళికొడుకు అడిగినప్పుడు."

"ఇంకా అడగలేదా?"

"తొక్కుతూనే ఉన్నాడు రెండు నెలల్నుంచి" అంటూ పేరంటాలు సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. "చొక్కా అయింది. చేతుల పొడుగు సరిపోయిందో లేదో చూసుకోండి."

పొట్లంలో తెల్లచొక్కా ఉంది. దాని కింద మడతపెట్టిన నీలం చొక్కా ఉంది. ఎడం కాలరు మీద సిరామరకతో సహా అతనిదే.

"ఇది... చాకలి పోగొట్టాడని చెప్పింది మా అమ్మ."

"ఆ చాకలి గారు, మీరు చొక్కా చూసిన శనివారానికి ముందే ఒకరోజు రెండోపూట బండికి వచ్చారు, చేతిలో నాలుగు దిండు గలీబులు పట్టుకుని. ఈ కుట్టు నేర్పిందెవరు అని అడిగారు. పది నిమిషాల్లో మా అమ్మతో కాకుమాను చుట్టరికం కలిపారు. పోతూ ఆది ఇచ్చి పోయారు. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకునే కుడుతున్నానండీ ఆవేళ. మీరు నిలబడి ఉంటేగా కనపడేది."

వరప్రసాదం చొక్కా వంక చూశాడు. ఆ తరవాత ఆమె వంక చూశాడు. "మరైతే అంతా అయిపోయినట్టేగా" అన్నాడు, తేలిగ్గా బయటపడిపోదామని.

"ఏమయింది? అమ్మలిద్దరూ కలుసుకున్నారు. చొక్కా కుట్టాను. నన్నెవరూ ఏమీ అడగలేదే." ఆమె గొంతులో ఆటపట్టింపు అట్లానే ఉంది గాని, కళ్ళలో లేదు. "నా ప్రశ్నకి జవాబు కూడా రాలేదు. ఇంజను ప్రశ్న."

ఇంజను కూత వేసింది. వరప్రసాదం ఆ కూత అయ్యేదాకా ఆగాడు. బోర్డులేమీ దగ్గరలో లేవు. ఆమెకేసి తిరిగే చెప్పాడు.

"ఇంజనుకి ఇటొక కడ్డీ, అటొక కడ్డీ ఉంటాయండీ. రెండూ ఒకేసారి ఆగిపోకుండా ముందే అమరుస్తారు. ఈ పక్కది చాతకాక ఆగిపోయినచోట ఆ పక్కది బాగా లాగే చోట ఉంటుంది. దాని వంతు వచ్చినప్పుడు ఇది లాగుతుంది. అందుకని బయటివాళ్ళెవరూ చెయ్యి వెయ్యక్కర్లేదు." ఊపిరి తీసుకున్నాడు. "నేను మాటిమాటికీ ఆగిపోయే మనిషినండీ. మీరు ఆ పక్కన ఉంటారా?"

పేరంటాలు వాననీళ్ళు ముంగురుల మీంచి జారుతుంటే తుడుచుకోలేదు.

"ఒక్క వాక్యం అన్నాను. ఆరేడు చెప్పారు."

"కొట్టేయమంటే కొట్టేస్తాను. చివరిది ఒక్కటి ఉంచండి."

"దానికే చెబుతున్నా. ఉంటాను."

గార్డు పచ్చజెండా ఊపాడు. ఇంజను నీలుగుతూ కదిలింది. ఈ పక్క కడ్డీ, ఆ పక్క కడ్డీ వంతులు వేసుకుంటూ రేపల్లె వైపు సాగిపోయాయి. ఎక్కవలసినవాడు తెల్లచొక్కా పొట్లం తడవకుండా గుండెకు అదిమిపట్టుకుని, ఆమె వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆమె కూడా అట్లానే నిలబడింది. చివరిపెట్టె ప్లాట్‌ఫారం దాటిపోయింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

బసవమ్మ గొడుగుతో దగ్గరకు వచ్చింది.

"రెండూ ఒకేసారి ఆగవన్నావుగా నాయనా. మరిదేంటి?"

జవాబు కోసం ఆగకుండా, అతని వీపు మీద చెయ్యి వేసి ఇంటివైపు మెల్లగా తోసింది.

"పద. ఏడున్నరకి ఇంకో బండుందిలే. మినపట్లకి పిండి రుబ్బి పెట్టే వచ్చాను."